కిటికీల సాయిబు

మా నాయన ఉత్తరం రాస్తే మొదట వాన, తర్వాత పంట, ఆ తర్వాత గొడ్లు, చివర్న చోటుంటే మనుషులు వస్తారు. పోయిన వారం నేను పనిచేసే చిల్లకూరుకు వచ్చిన కార్డూ అంతే. పెన్నకు నీళ్ళొచ్చినాయి. మొలగొలుకుల వడ్లు ఈ తూరి బాగా పండేటట్టుండాయి. ఎర్ర బర్రె ఈనింది, దూడ ఆడది. ఇంత రాసేసరికి కార్డు నిండిపోయింది. అంచున అడ్డంగా, చీమల బారులాంటి అక్షరాలతో ఇంకో రెండు ముక్కలున్నాయి. "కిటికీల సాయిబు పోయినాడు. నువ్వొకసారి వచ్చి పోవాల."

స్కూల్లో స్టాఫు రూములో నిలబడి కార్డు చదివాను. తర్వాత ఎనిమిదో తరగతికి వెళ్ళి లెక్కలు చెప్పాను. ఏం చెప్పానో తెలియదు. బోర్డు మీద ఏడు ఎనిమిదులు యాభై నాలుగని రాశానట. పిల్లలు పాపం నా మొహం చూసి ఊరుకున్నారు. మా నాయన అంతవరకూ ఎవరి చావుకీ నన్ను రమ్మని రాయలేదు. సొంత పెదనాన్న పోయినప్పుడు కూడా "నువ్వొచ్చి చేసేదేముంది, సెలవు దండగ" అని రాసిన మనిషి.

చదివేవాళ్ళకు ఈ సాయిబెవరో చెప్పాలి. మా ఊరు బుచ్చిరెడ్డిపాలెంలో వడ్రంగి. ఆయనకొక పేరుండేది, కానీ అది ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా పనికొచ్చినట్టు లేదు. ఊరందరికీ ఆయన కిటికీల సాయిబు. మంచాలు, తలుపులు, నాగళ్ళు చేయమంటే చేసేవాడు, ముఖం ముడుచుకొని చేసేవాడు. కిటికీ అంటే మాత్రం భోజనం మధ్యలోనుంచి లేచి వచ్చేవాడు. "తలుపు చేసేదానికి బలముంటే చాలు. కిటికీ చేసేదానికి మర్యాద ఉండాల" అనేవాడు. ఈ మాట చెప్పి తలుపులు చేసే వడ్రంగుల్ని చాలామందిని దూరం చేసుకున్నాడు.

ఆయన పని పట్టే తీరు కూడా వేరు. గదిలోకి రాగానే కొలత బద్ద తీసేవాడు కాదు. చాప అడిగి, గది మధ్యలో వేసుకొని పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చునేవాడు. వెలుతురు ఎక్కడ పడుతుందో అక్కడ నేల మీద సుద్దముక్కతో గీత గీసేవాడు. ఎండ జరిగినప్పుడల్లా ఒక గీత, ఒక టీ. కిటికీ చేయించుకోవాలని ఉన్నా టీపొడికి జడిసి మానుకున్న ఇళ్ళున్నాయి. వీధిలో వెళ్ళేటప్పుడు ఆయన మనుషుల్ని చూసేవాడు కాదు, కిటికీ చట్రాల్ని చూసేవాడు. అందుకని ఎదురుపడి నమస్కారం పెట్టినా గుర్తుపట్టేవాడు కాదు.

"ఎవరమ్మా నువ్వు?"

"నేనే మేస్త్రీ, మిల్లు ఎదురిల్లు. వీధి గది కిటికీ."

"ఓ! నువ్వా! బద్దలు వంగలేదు గదా?" అని అప్పుడు ముఖం వెలిగేది. పెళ్ళయిందా, పిల్లలెంతమంది అని ఆయన నన్నెప్పుడూ అడగలేదు. నన్ను ఆ ప్రశ్నలు అడగని మనిషి ఊళ్ళో ఆయనొక్కడే. దానికి కూడా నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

నయాపైసలు వచ్చిన కొత్తల్లో నేను ఎస్సెల్సీ చదువుతున్నాను. ఊళ్ళోకి కరెంటు వచ్చింది గానీ మా వీధి మలుపు దాకా వచ్చి అలిసిపోయినట్టు ఆగిపోయింది. ఇంట్లో నడిమింటి నిండా వడ్ల మూటలు. వెలుతురొచ్చే గది ఒక్కటే, వీధి గది. దానికి ఒకటే కిటికీ. ఆ కిటికీకి ఎదురుగా రైసు మిల్లు. మిల్లులో వంతు కోసం వడ్ల బండ్లు మా ఇంటి ముందు బారుగా నిలబడేవి. నాకు పద్నాలుగు నిండగానే నాయన ఆ కిటికీ రెక్కలు మూసి గడియ బిగించాడు. అవి దిట్టమైన టేకు పలకలు. తెరిస్తే వీధంతా నా ఒళ్ళో ఉంటుంది. మూస్తే నా చెయ్యి నాకే కనిపించదు.

ఆ చీకట్లో చదివి అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కలు తప్పాను. మూడు, ఎనిమిది ఒక్కలాగే కనిపించేవి. నాయన మార్కుల కాగితం మీద సంతకం పెట్టి, కలం మూత బిగించి, ఒక్కమాటన్నాడు.

"పెద్ద పరీక్షలో ఇట్టా అయితే ఇంక చాలు. ఇంట్లో ఉండి మీ అమ్మకు సాయం చెయ్యి."

కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన కోపం మాపటికి పోతుంది. మెల్లగా చెప్పిన మాట మాత్రం పోయేది కాదు. మార్చి నెలలో పరీక్ష, అప్పటికి మార్గశిరం నడుస్తోంది. నేను అన్నం మానేసి ఏడ్చాను. ఒక పూటే మానేశాను, రెండో పూట చేపల పులుసు చేశారు.

అమ్మ నాయనతో వాదించలేదు. ఆమె వాదించి గెలిచింది ఎప్పుడూ లేదు, వాదించకుండా ఓడింది కూడా లేదు. "లోపలి పక్క ఇంకో రెక్కలు పెట్టిస్తే సరి. పిల్ల కనపడదు, పుస్తకం కనపడుతుంది. సాయిబును పిలిపించండి" అంది. నాయన ఒప్పుకున్నాడు. సాయిబు కబురంపాడు, అమావాస్యనాడు వస్తానని.

అమావాస్యనాడు ఊళ్ళో ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు. అందుకని ఆయనకు ఆ రోజు ఖాళీ.

"అమావాస్యనాడు పనేంది? ఇంకోరోజు రమ్మనకూడదా?" అంది అమ్మ.

"ఇల్లేమన్నా కట్టబోతుండామా? కిటికీకి నాలుగు బద్దలు కొట్టిస్తుండాం. బద్దలకు తిథేందే?" అన్నాడు నాయన.

సాయిబు వచ్చి రోజంతా కూర్చున్నాడు. నేల మీద పదకొండు గీతలు, పదకొండు టీలు. నన్ను నా రాతబల్ల ముందు కూర్చోమని, తల ఎంత ఎత్తులో ఉందో, పుస్తకం ఎక్కడుందో జానెడు పుల్లతో కొలిచాడు. మళ్ళా అమావాస్యకు రెక్కలు తెచ్చి బిగించాడు. నేను అంత అందమైన వస్తువు అప్పటికి చూసి ఉండలేదు. చట్రంలో వేలెడేసి దూరంలో సన్నటి బద్దలు, అన్నీ లోపలికి వాలుగా. ఆకాశంలోనుంచి వెలుతురు ఆ బద్దల మీదుగా జారి నేరుగా నా పుస్తకం మీద పడింది.

తర్వాత పరీక్ష. నాకు కాదు, కిటికీకి. అమ్మకు ఎర్రచీర కట్టించి లోపల కూర్చోబెట్టారు, కనిపిస్తే తెలియాలని. నాయన వీధిలో మామూలుగా నడిచాడు. వంగి నడిచాడు. మునివేళ్ళ మీద నడిచాడు. అటుగా వచ్చిన పోస్టుమాన్ ఊళ్ళోకెల్లా పొడుగు మనిషి. ఆయన్ను కూడా ఆపి కిటికీ ముందు నిలబెట్టారు.

"ఏం చూడాల రెడ్డీ?"

"ఏం కనపడకూడదు. అది చూడు."

పోస్టుమాన్ చాలాసేపు చూసి, ఏమీ కనపడటంలేదని ధ్రువపరిచాడు. సాయిబు గోడకానుకొని మీసం దువ్వుకున్నాడు. నాయన అందరి ముందూ నాతో, "ఇంక వెలుతురు లేదని చెప్పేదానికి లేదు" అన్నాడు.

మా వైపు అమావాస్యనాడు ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. ఆ పని ఎవరూ చేసిన పాపాన పోలేదు. అందుకని రెండు అమావాస్యలూ మిల్లు ముందు ఒక్క బండి లేదు. వీధి ఖాళీగా, విశాలంగా, పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిట్లా ఉంది. కిటికీల కోసమే పుట్టిన సాయిబుకు గానీ, పుట్టినప్పటినుంచీ వడ్లు పండిస్తున్న మా నాయనకు గానీ, అక్కడ ఏదో ఒకటి లేదని తట్టలేదు.

మర్నాడు పొద్దున బండ్లు వచ్చాయి. వరికోతల రోజులు, బారు మా ఇల్లు దాటి నాలుగిళ్ళ దాకా ఉంది. నేను లోపల మహారాణిలాగా కూర్చొని చదువుకుంటున్నాను. పదిగంటలప్పుడు మా వడ్లు తోలే ముసలి బండాయన అరుగు దగ్గరికి వచ్చి నాయనతో అంటున్నది వినపడింది.

"రెడ్డా, పాప బో చదవతాండాదబ్బా! తలెత్తితే ఒట్టు. మధ్యమధ్యలో మాత్రం ఒళ్ళోనుంచి చింతకాయ తీసి ఉప్పులో అద్దుకుంటాండాది."

నాయన అరుగు మీదనుంచి లేచిన చప్పుడైంది.

"నువ్వు యాడనుంచి చూస్తివి?" అన్నాడు నాయన.

"మూటల మీంచి. బో బాగా కనపడతాండాది. వెనక బండోళ్ళు కూడా చూస్తుండారు. మూడో లెక్క కొట్టేసి మళ్ళా చేసిందంట, ఈ తూరి సరిగ్గా వచ్చినట్టుండాది."

పాపం ఆయన మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. ఆకాశం వెలుతురు ఏ దారిన లోపలికి వస్తుందో, బండి మీద, మూటల మీద కూర్చున్నవాడి చూపూ ఆ దారినే వస్తుంది. నడిచేవాళ్ళ కోసం చేసిన కిటికీ అది. నాయన లోపలికి వచ్చి పాత టేకు రెక్కలు మూసి, గడియకు తాడు కూడా చుట్టాడు. చింతకాయలు పెరట్లో పారేశాడు. అమ్మ వంటింట్లోనుంచి అమావాస్య అనే మాట ఒక్కటే, గిన్నెలకు చెబుతున్నట్టు, నాలుగైదుసార్లు అంది.

సాయిబును ఎవరూ పిలవలేదు. విషయం తెలిసి తానే వచ్చాడు. వాకిట్లో నిలబడి, "రెడ్డా, తప్పు నాది. పాపది కాదు" అన్నాడు. మా నాయన ముందు నిలబడి తప్పు నాదని చెప్పిన మగవాణ్ణి నేను అదే మొదటిసారి చూడటం. నాయనకు కూడా అలవాటు లేదు. గది వైపు చెయ్యి చూపించాడు.

ఈసారి సాయిబు బద్దల్ని తిరగేసి కొట్టాడు, వాలు బయటికి. మూటల మీది వాళ్ళకు బద్ద తప్ప ఏమీ కనపడలేదు. నాకూ ఏమీ కనపడలేదు. వెలుతురంతా వీధి నేల మీదనుంచి లేచి మా పైకప్పుకు తగిలేది. దూలాల మీది బల్లులు ఎన్నో, వాటికి ఎన్ని కాళ్ళో లెక్కపెట్టవచ్చు. పుస్తకం మాత్రం చీకట్లోనే. నేను వెల్లకిలా పడుకొని పుస్తకాన్ని పైకి ఎత్తి పట్టుకొని చదివాను. రెండోరోజు నిద్రపట్టి భూగోళం నా ముక్కు మీద పడింది. వాచిన ముక్కుతో స్కూలుకు పోతే, ఇంట్లో కొట్టారేమోనని హెడ్మాస్టరు గారు అనుమానపడ్డారు. పరీక్షకు ఇంకా నలభై రోజులు కూడా లేవు. నేను ఇక పాసు కానని నిర్ణయించుకొని, సాయిబును మనసులో తిట్టుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవటానికి సిగ్గుగా ఉంది.

మూడు రోజులు ఆయన కనిపించలేదు. నాలుగో రోజు చంకలో కొత్త చట్రంతో వచ్చాడు. ఇందులో బద్దలకు మేకులు లేవు. ఒక్కో బద్దకు రెండు కొసల్లో సైకిలు చక్రం పుల్లల ముక్కలు దిగేసి, వాటి మీద తిరిగేటట్టు చేశాడు. అన్నిటినీ కలుపుతూ మధ్యలో నిలువుగా సన్నటి కర్ర. కర్ర పైకెత్తితే బద్దలన్నీ ఒకవైపు వాలతాయి, దించితే ఇంకోవైపు. మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతాయి. నెల్లూరులో ఏదో బంగళాకు ఇట్లాంటివి ఉన్నాయని ఆయన విన్నాడు. గేటు దాకా పోయాడు గానీ లోపలికి రానివ్వలేదట. అందుకని సొంతంగా ఆలోచించాల్సి వచ్చింది.

మొదటిసారి కర్ర ఎత్తగానే బద్దలన్నీ ఊడి టపటపా నా తల మీద పడ్డాయి. సాయిబు వాటిని ఏరుకొని, చొక్కాతో తుడిచి, మళ్ళా గుచ్చాడు. "కొత్త గదా, సిగ్గుపడతాండాయి" అన్నాడు. రెండోసారి నిలబడ్డాయి.

అప్పుడు అసలు గొడవ మొదలైంది. నాయన ఆ కర్రను చాలాసేపు చూశాడు.

"ఈ కర్ర లోపల పక్కనే ఉండాల్నా?"

"ఔ."

"బయట పక్క పెట్టు. ఎంత తెరవాల్నో నేను చూసుకుంటా."

"బయటుంటే వీధిలో పొయ్యే ప్రతివోడూ తిప్పుతాడు రెడ్డా."

నాయన ఇంకాసేపు ఆలోచించాడు. "అయితే నడిమింట్లోకి ఒక తాడు లాగు. ఈ అమ్మి చేతిలో ఎందుకు, వాళ్ళమ్మ లాగుతుంది."

సాయిబు చట్రం బిగించటం ఆపి, ఉలి కింద పెట్టాడు.

"లోపల కూచునేది పాప. ఎండ యాడ పడతాండాదో, ఎవురు చూస్తుండారో దానికి తెలిసినట్టు నీకూ నాకూ తెలవదు. కర్ర పాప చేతికియ్యి. ఇయ్యనంటే చెప్పు, చట్రం ఎత్తుకొని పోతా. మళ్ళా అమావాస్యకు కూడా రాను."

నాయన నా వైపు చూశాడు. వాచిన నా ముక్కును చూశాడనుకుంటాను. "చింతకాయలు మాత్రం తినగూడదు" అని చెప్పి, కండువా భుజాన వేసుకొని పొలంలో కయ్యల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన ఓడిపోయినప్పుడు కయ్యల దగ్గరికే వెళ్తాడు.

ఎద్దుల గంటలు వినపడగానే కర్ర దించేదాన్ని. బండి కదిలితే ఎత్తేదాన్ని. బారు నిలిచిపోయినప్పుడు వేలెడంత తెరిచేదాన్ని, అది పుస్తకానికి సరిపోయేది, మూటల మీది వాళ్ళకు చాలేది కాదు. నాలుగురోజుల్లో చెయ్యి దానంతటదే తిరగటం నేర్చుకుంది. చింతకాయలు కూడా తిన్నాను.

మార్చి దాకా సాయిబు మా వీధిలో వెళ్ళినప్పుడల్లా కిటికీ ముందు ఆగి, రెండు చేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకొని, ముందుకు వంగి తేరిపార చూసేవాడు. చూసి వీధి మొత్తం వినపడేటట్టు, "ఏం కనపడలా! చదువుకో పాపా!" అని అరిచేవాడు. ఆడపిల్ల గదిలోకి అంత బాహాటంగా తొంగి చూసేవాణ్ణి చూసి వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. నాయన అరుగు మీద కూర్చొని పక్కకు తిరిగి నవ్వుకునేవాడు.

పేపర్లో నా నంబరు పడింది. నాయన పేపరు పట్టుకొని మిల్లు దాకా వెళ్ళి అందరికీ చూపించాడు. ముసలి బండాయన, "మేం చూస్తుండంగా చదివినప్పుడే అనుకున్న్యాం" అని మీసం తిప్పాడు. నాకు పంతులమ్మ ట్రైనింగులో సీటు వచ్చింది. ఆ ఫారం మీద నాయన సంతకం పెట్టి, కలం మూత కూడా పెట్టకుండా నాకిచ్చాడు.

ఇదంతా ఆయన గురించి రాయాలనే కూర్చున్నాను గానీ, కార్డు అందుకొని ఊరికి పోయినప్పుడు తెలిసిన సంగతి ఒకటి ఉంది. అది రాయకపోతే అన్యాయం.

సాయిబు ఇంటికి నేను అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు. మసీదు వెనక సన్నటి సందు. ఆయన భార్య గోషాలో ఉండే మనిషి కాబట్టి ఊళ్ళో మగవాళ్ళెవరూ ఆమెను చూసి ఉండరు. ఆడవాళ్ళం మేమూ పెద్దగా చూడలేదు. ఆమె లోపలి గదిలో, సందు వైపు బద్దల కిటికీ పక్కన చాప మీద కూర్చొని ఉంది. పొట్టి మనిషి, తెల్లటి జుట్టు. నేను మా ఇంటి కిటికీ కథ మొదలుపెట్టాను. కర్ర నా చేతికి ఇవ్వమని ఆయన మా నాయనతో ఎట్లా కొట్లాడాడో చెబుతూ నేనే ఏడ్చేశాను. ఆమె తల పంకించి విన్నది.

"ఆ మాటలు నేను చెప్పినాను అని చెప్పినాడా ఆయన?"

"లేదు" అన్నాను.

"చెప్పడు" అంది. ఆమె మూతి మీద కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "రెండో తూరి కూడా తప్పినాక ఇంటికొచ్చి మూడు దినాలు అన్నం సరిగ్గా తినలా. దినమంతా లోపల కూచుని చూసినాను గదా, ఎట్టా తప్పింది అంటాడు. నేనన్నా, నువ్వు లోపల కూచుంటే నిన్నెవడు తొంగి చూస్తాడయ్యా? పన్నెండేళ్ళప్పటి నుంచి కిటికీ ఎనకాల ఉండేదాన్ని నేను, నన్నడుగు అని. వెలుతురు పూటకొక తీరుగా ఉంటాది, వీధీ అంతే. బద్దలకు మేకులేసి కొడితే ఎట్టా అన్నా. తిరగనియ్యి, తిప్పేది పిల్ల చేతికియ్యి, వాళ్ళ నాయన అడిగితే ఇయ్యబాకు అన్నా."

నవ్వు నవ్వుగానే ఉండగా ఆమెకు ఏడుపు వచ్చింది. "మంచోడు పాపా. నా మాటలన్నీ తనవే అని చెప్పుకునేవోడు గానీ, చెప్పిన మాట చెప్పినట్టు చేసేవోడు" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా ఒక మనిషికి చెప్పుకుంటున్న కృతజ్ఞతలో సగం ఇంకొకరికి చెందాలని ఆ పూట తెలిసింది. ఆ సగం చెప్పుకోవటానికి మనిషి ఎదురుగా ఉండటం నా అదృష్టం. చెప్పాను. ఆమెకు అది కొత్తగా ఉన్నట్టుంది, టీ తాగుతావా అని అడిగింది.

నేను లేచేటప్పుడు ఆమె గడప దాకా కూడా రాలేదు. భర్త పోయినాక నాలుగు నెలల పది రోజులు వాళ్ళ ఆడవాళ్ళు ఇల్లు దాటరు. "ఇక్కడినుంచే సాగనంపుతా, నువ్వు పో" అంది.

సందులోకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం, గొడుగు విప్పుకొని నాలుగడుగులు వేశాను. వెనక సన్నగా కర్ర కదిలిన చప్పుడైంది. తిరిగి చూశాను. ఆమె కిటికీ బద్దలన్నీ ఒక్కసారిగా నా వైపు వాలాయి. లోపల చీకటి తప్ప నాకేమీ తెలియలేదు. నేను గొడుగు ముడిచి, సందు మధ్యలో ఎండలోకి జరిగి, ఆమెకు నా ముఖం బాగా కనిపించేటట్టు నిలబడ్డాను.